అడవిని ఎవరినడిగి తవ్వాలి? రిసాలి నుంచి ఒక ఉత్తరం

రిసాలి, భిలాయి
ఉగాది మర్నాడు

అన్నయ్యా, వదినా,

పార్వతీపురంలో వందేభారత్ ఎక్కించేటప్పుడు "చూసిందల్లా రాయి, ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకు" అన్నారు కదా. అందుకే ఈ పొడుగు ఉత్తరం. వదిన పైకి చదివితే సాయంత్రం అరుగు మీద చేరేవాళ్లందరూ వినొచ్చు.

విశేషాలు రాయగడ దాటగానే మొదలయ్యాయి. మజ్జిగౌరమ్మ దర్శనానికి అక్కడిదాకా ఎన్నోసార్లు వెళ్లాం గానీ ఆపైన ఏముందో మనం ఎప్పుడూ చూడలేదు. బిసంకటక్, మునిగుడ వైపు వెళ్తుంటే ఎడమ చేతి కిటికీలోకి నియమగిరి కొండలు వచ్చాయి. పొద్దువాలే వేళ కాబట్టి నీలంగా, ఒకదాని వెనక ఒకటి. పక్క సీటులో రాయగడ తెలుగాయన ఒకరు వేలు పెట్టి చూపించి కథంతా చెప్పుకొచ్చారు. ఆ కొండల నెత్తిన బాక్సైటు ఉంది. కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ శుద్ధి కర్మాగారం ఉంది. డోంగ్రియా కోందులకేమో ఆ కొండ నియమరాజు, వాళ్ల దేవుడు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏమందంటే, తవ్వితే ఆ జనం దేవుడి హక్కుకి, అడవి హక్కుకి భంగం కలుగుతుందో లేదో ఢిల్లీ కాదు, ఆ ఊళ్ల గ్రామసభలే తేల్చాలని. జూలై, ఆగస్టు నెలల్లో, వానలో, 12 ఊళ్లలో సభలు పెట్టారు. కోర్టు చెప్పినట్టే జిల్లా జడ్జి వెళ్లి కూర్చున్నారు. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కూడా అనుమతి లేదు పొమ్మంది.

అన్నయ్యా, ఇది మన సాలూరికి ఎంత దూరమని! కూతవేటు దూరంలో ఇంత పెద్ద సంగతి జరిగింది. పది గడపల ఊరు కూడా ఒక చోట కూర్చుని ఒక మాట చెబితే కంపెనీ, రాష్ట్రం, కేంద్రం ఆగాయి. ఆ కొండలు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను.

దుర్గ్ చేరేసరికి బాగా రాత్రయింది. చిన్న మామయ్య స్టేషనుకి వచ్చాడు. రిసాలి అంటే భిలాయి ఉక్కు ఊరికి దక్షిణపు కొస. 2019 దాకా భిలాయి కార్పొరేషన్‌లోనే ఉండేది, ఇప్పుడు దీనికే ఒక కార్పొరేషన్. చుట్టుపక్కల ఉక్కు ఉద్యోగుల క్వార్టర్లు, వాటి ముందు మామిడి చెట్లు, వెడల్పాటి రోడ్లు. దగ్గరలో మైత్రీబాగ్ ఉంది, అక్కడ తెల్లపులులున్నాయి. సోవియట్ రష్యా స్నేహానికి గుర్తుగా పెట్టిన తోట అది. వీధిలో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్లు ఇక్కడ బోలెడుమంది. సెక్టార్ 5లో బాలాజీ గుడి దగ్గర అచ్చం మన యాసే. పొద్దున్నే అత్తయ్య పెట్టిన బోరే బాసీ, అదే రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టింది, ఉల్లిపాయ నంజుకుంటే మన చద్దన్నమే.

మామయ్య ముప్పై ఏళ్లు బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేశాడు. కర్మాగారం సంగతి ఎత్తితే ఇప్పటికీ ఆయన ముఖం వెలుగుతుంది. 1955 ఫిబ్రవరిలో రష్యాతో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి కొలిమి. మన రైళ్లు పరిగెత్తే పట్టాల్లో సింహభాగం ఇక్కడ పుట్టినవే. కొత్త మిల్లులో ఒక్క ముక్కగా 130 మీటర్ల పట్టా తీస్తారు. రెండు కలిపి అతికితే 260 మీటర్లు. అంటే పదకొండు రైలు పెట్టెలు వరసగా నిలబెట్టినంత పొడుగు పట్టా, మధ్యలో ఒకే ఒక్క అతుకుతో! నేను వచ్చిన రైలు కింద కూడా మామయ్య ఊరి ఇనుమే ఉందేమో అనుకుంటే ఒళ్లు పులకరించింది. ఆ గర్వం నాకూ ఉంది, దాచుకోను. మన ఇంటి దూలాలూ చెంచాలూ అన్నీ ఏదో ఒక కొండలోంచి వచ్చినవే కదా.

ఆ కొండ ఎక్కడుందో చూద్దామనే దల్లీ రాజహరా వెళ్లాను. ఇక్కడికి దక్షిణంగా ఎనభై, తొంభై కిలోమీటర్లు. ఊరు ఊరంతా ఎర్రటి దుమ్ము. చెట్ల ఆకులు, గోడలు, ఉతికి ఆరేసిన చీర అంచులు కూడా. అరవై ఏళ్లకు పైగా భిలాయి కొలిమికి మేత ఇక్కడి నుంచే. కాంట్రాక్టు గని కూలీలు చందాలేసుకుని కట్టుకున్న షహీద్ ఆసుపత్రి ఇక్కడే ఉంది, 1983లో మొదలైంది. వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మామయ్యకి ఆ పొద్దు ఇంకా గుర్తుంది, ఆయన దాని గురించి ఎక్కువ మాట్లాడడు.

రాజహరా ఖనిజం తరిగిపోతోంది. అందుకని ఇంకా దక్షిణాన, బస్తర్ అంచున, కాంకేర్, నారాయణ్‌పూర్ జిల్లాల మధ్య ఉన్న రావ్‌ఘాట్ కొండల మీద చూపు పడింది. అక్కడిదాకా 95 కిలోమీటర్ల రైలుమార్గం తలపెట్టారు. 2022లో అంతాగఢ్ దాకా ప్రయాణికుల రైలు మొదలైంది. నేనూ ఎక్కాను. కిటికీ బయట అడవి, అడవి మధ్యలో తుపాకులతో కాపలా జవాన్లు. పట్టాల పని మొదటినుంచీ సశస్త్ర సీమా బల్ పహరాలోనే సాగింది. పెట్టెలో పక్కన గోండు ఆడవాళ్లు, బుట్టల్లో ఇప్పపువ్వు, సంతకి వెళ్తూ. రైలు వచ్చినందుకు వాళ్లకి సంతోషమే, ఆసుపత్రికి పోవడం సులువైందని చెప్పారు. అది కూడా రాయాలి, లేకపోతే సగమే రాసినట్టు.

రావ్‌ఘాట్ గని లీజు 2,000 హెక్టార్ల పైమాటే, అంతా మట్లా రిజర్వు అడవి. పర్యావరణ అనుమతి 2009లోనే వచ్చేసింది. ఇది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింది గిరిజన ప్రాంతం. 1996 పీసా చట్టం ప్రకారం ఇక్కడ ఊరి వనరుల మీద గ్రామసభ మాటకి విలువుండాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు ఊరి అడవి ఊరిదని రాసివ్వాలి. ఆ చట్టాన్ని పట్టుకునే 2009 ఆగస్టులో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది: హక్కులు తేలాకే, గ్రామసభ ఒప్పుకున్నాకే అడవిని మళ్లించాలని. చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు అడిగేది ఒకటే, మమ్మల్ని సరిగా అడిగిందెప్పుడు అని. భిలాయి కొలిమికి ఖనిజం కావాలి, మామయ్య పింఛనుకి కొలిమి కావాలి. నేను ఆ ఇంట్లోనే అన్నం తింటున్నాను. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే. మామయ్య కూడా కాదనలేదు. "అడగడానికి ఎంతసేపు పడుతుంది, పట్టాలు వెయ్యడానికి ఇరవై ఏళ్లు పట్టినప్పుడు?" అన్నాడు.

వదినా, ఇదంతా ఎక్కడో బస్తర్ సంగతి అనుకోకు. అరకు రైలు సొరంగాల్లోంచి దిగివచ్చే గూడ్సు పెట్టెల్లో ఎర్రరాయి చూసి పిల్లలు లెక్కపెట్టేవారు, గుర్తుందా? అది బైలదిల్లా ఖనిజం, కిరండూల్ నుంచి వచ్చేది. మన విశాఖ ఉక్కుకి సొంత ఇనుపగని లేదు, బైలదిల్లానే దిక్కు. అక్కడ 13వ నంబరు నిక్షేపం ఉన్న కొండ ఆదివాసులకి నందరాజు కొండ. 2019 జూన్‌లో వేలమంది ఊళ్లకు ఊళ్లు బియ్యం మూటలతో నడిచి వచ్చి కిరండూల్‌లో గని కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చున్నారు. 2014లో మా హిరోలీ గ్రామసభ ఒప్పుకుందని చూపిస్తున్న కాగితం మాది కాదు అన్నారు. ప్రభుత్వం పని ఆపించి విచారణకి ఆదేశించింది.

ఆ కాగితం మాట బుర్రలో ఉండగానే ఉత్తరానికి వెళ్లాను, హసదేవ్ అడవికి. అంతకుముందు మామయ్య నందినీ చూపించాడు. దుర్గ్ దగ్గరే. భిలాయి కోసం సున్నపురాయి తవ్వి వదిలేసిన గని నేల అది. అందులో వేల మొక్కలు నాటి, మనిషి పెంచిన అడవి అని పేరు పెట్టారు. గోతుల్లో నీళ్లు నిలిచి పక్షులు వస్తున్నాయి. పాడుపడ్డ నేలని పచ్చగా చెయ్యడం మంచి పని, చూడముచ్చటగా ఉంది. కానీ ఇలాంటి తోటని చూపించి, ఇంకోచోట నరికిన అడవికి ఇది బదులు అనడం మన దేశంలో ఒక పద్ధతిగా మారింది. చెట్టుకి చెట్టు, హెక్టారుకి హెక్టారు లెక్క. 2016లో దానికి చట్టమే వచ్చింది. పైగా మొక్కలు నాటడానికి ఎంచుకునే "బీడు అడవి" చాలాచోట్ల ఏదో ఊరి పోడో, పశువుల మేతో అవుతుంది. అంటే నరికే చోటా అడగరు, నాటే చోటా అడగరు.

హసదేవ్ అరణ్యం బిలాస్‌పూర్ దాటి అంబికాపూర్ రోడ్డు మీద వస్తుంది. మామయ్య పెద్దకొడుకు కారులో తీసుకెళ్లాడు. అన్నయ్యా, నేను చింతపల్లి అడవి చూశాను, మారేడుమిల్లి చూశాను. ఇది వేరు. గంటల తరబడి ఒకే చెట్టు, గుగ్గిలం చెట్టు, ఇక్కడ సాల్ అంటారు. నిటారుగా, స్తంభాల్లా. చైత్రంలో కొత్తాకు వేసి, లేత పూత ఘుమఘుమలాడుతోంది. దీని గింజ రాలిన వారం పది రోజుల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. అందుకే నర్సరీలో పెంచి నాటడం మహా కష్టం. సాల్ అడవి తనంతట తానే రావాలి. తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుతున్నారు. నేల మీద తేనెరంగు ముత్యాలు పోసినట్టుంది. ఆ నెలరోజుల ఇప్పపువ్వు, తర్వాత బీడీ ఆకు, ఇవే వాళ్ల చేతిలోకి వచ్చే డబ్బు. సాయంత్రం అయ్యేసరికి అందరూ ఇంట్లోకి చేరమన్నారు, ఏనుగులు తిరుగుతాయని. భయమూ వేసింది, చూడాలనీ అనిపించింది. పేడ మాత్రమే చూశాను.

ఆ అడవి కింద బొగ్గు ఉంది. పర్సా ఈస్ట్ కేతే బాసన్ అనే గని 2013 నుంచి నడుస్తోంది. బొగ్గు రాజస్థాన్ విద్యుత్ సంస్థది, తవ్వి పెట్టేది అదానీ కంపెనీ. కేతే అనే ఊరు గనిలో కలిసిపోయింది. రోడ్డు పక్క గట్టు మీద నుంచి చూస్తే పచ్చటి చాప మధ్యలో ఒక్కసారిగా నల్లటి అగాధం. మెట్లు మెట్లుగా దిగిన ఆ లోతులో లారీలు బొమ్మల్లా కదులుతున్నాయి. ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

పక్కనే పర్సా అనే ఇంకో గనికి అనుమతి కావాల్సి వచ్చింది. సాల్హీ, హరిహర్‌పూర్, ఫతేపూర్ ఊళ్ల గ్రామసభలు ఒప్పుకున్నాయని కాగితాలు వెళ్లాయి. సభలో మేం వేరే సంగతులు మాట్లాడుకున్నాం, అందరూ లేచి వెళ్లాక రిజిస్టరులో అడవి ఇచ్చే తీర్మానం చేర్చారు అని ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు. 2021 అక్టోబరులో 300 కిలోమీటర్లు నడిచి రాయపూర్ వెళ్లి గవర్నరుకి చెప్పుకున్నారు. ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు కూడా, పది రోజుల నడక. వాళ్లు రాయపూర్ చేరి వారం తిరిగేసరికి, అక్టోబరు 21న, అడవి తుది అనుమతి వచ్చేసింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తోంది.

2022 మార్చి నుంచి హరిహర్‌పూర్‌లో టెంటు వేసుకుని కూర్చున్నారు. ఆ జూలైలో ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ, పాలకపక్షం ప్రతిపక్షం కలిసి, హసదేవ్ గనులన్నీ రద్దు చెయ్యమని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు కూడా కొత్త గనులు వద్దన్నారు. దేశంలోని ఏనుగుల్లో ఒక శాతం కన్నా తక్కువే ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నా, ఏనుగుల వల్ల పోయే మనుషుల్లో 15 శాతం పైన ఇక్కడివాళ్లేనట. అడవి ముక్కలైతే ఏనుగు ఊళ్లోకి రాక ఎక్కడికి పోతుంది? అయినా 2023 డిసెంబరులో, 2024 అక్టోబరులో పోలీసు పహరాలో చెట్లు పడ్డాయి. 2024లోనే రాష్ట్ర షెడ్యూల్డు తెగల కమిషన్ విచారించి ఆ గ్రామసభ తీర్మానాలు నకిలీవని తేల్చింది. అదే ఏడాది ఆ ఉద్యమానికి అండగా నిలిచిన ఆలోక్ శుక్లాకి ప్రపంచమంతా మన్నించే గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. ఘాట్‌బర్రా అనే ఊరికైతే 2013లో ఇచ్చిన సామూహిక అటవీ హక్కు పత్రాన్నే 2016 జనవరిలో రద్దు చేశారు. ఇచ్చిన పట్టాని గని కోసం వెనక్కి తీసుకున్న ఊరు అది.

ఆ రాత్రి కోర్బా మీదుగా తిరిగొచ్చాం. బాల్కో అల్యూమినియం కర్మాగారం దీపాలు కనబడ్డాయి. మన సమతా తీర్పు ఈ రాష్ట్రంలోకి ఎందుకు రాలేదో ఆ బాల్కో కేసులోనే ఉంది. అనంతగిరి మండలం నిమ్మలపాడులో కాల్సైట్ గనుల మీద సమతా సంస్థ వేసిన కేసు మీకు తెలిసిందే. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా గిరిజనేతరుడితో సమానమే, ఏజెన్సీ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదు అంది. నాలుగేళ్ల తర్వాత, 2001 డిసెంబరులో, బాల్కో అమ్మకం కేసులో ఇంకో ధర్మాసనం ఆ తీర్పు మీద గట్టి సందేహాలున్నాయని, ఛత్తీస్‌గఢ్‌కి సంక్రమించిన మధ్యప్రదేశ్ చట్టం వేరు కాబట్టి ఇక్కడ అది వర్తించదని చెప్పింది. ఒకే దేశం, ఒకే ఐదో షెడ్యూలు. మన కొండకి ఉన్న గొడుగు ఈ కొండకి లేదు.

వాతావరణం వేడెక్కుతోంది కాబట్టి బొగ్గు ఎలాగూ పోతుంది, ఇక ఎండా గాలీ నీళ్లే, అప్పుడు ఈ బాధలుండవు అని బావ కారులో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నార్వేలో ఫోసెన్ అనే చోట సామీ తెగ రెయిన్‌డీర్లు మేపుకునే కొండల మీద గాలిమరలు పెట్టారు. అది వాళ్ల సంస్కృతి హక్కుకి భంగం అని 2021 అక్టోబరులో ఆ దేశపు సుప్రీంకోర్టే ఏకగ్రీవంగా చెప్పింది. 500 రోజులైనా మరలు తిరుగుతూనే ఉంటే, 2023 ఫిబ్రవరిలో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖ కార్యాలయంలోనే బైఠాయించారు. పొగ రాని కరెంటు కూడా అడక్కుండా వస్తే దోపిడీయే. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసినప్పుడు మన దేశం ఔనని ఓటు వేసింది. పని మొదలుకాకముందు, బలవంతం లేకుండా, విషయమంతా విప్పి చెప్పి ఒప్పుదల తీసుకోవాలని అందులో ఉంది. కానీ 2022 జూన్‌లో అటవీ నియమాలు మార్చినప్పుడు, కేంద్రం తుది అనుమతికి ముందే గ్రామసభ ఒప్పుదల చూపాలన్న షరతు తీసేశారు. ఆ బాధ్యత తర్వాత రాష్ట్రం చూసుకుంటుందట. ముహూర్తం పెట్టేసి, శుభలేఖలు పంచేశాక పిల్లని ఇష్టమేనా అని అడిగితే ఏం లాభం?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం అదానీ కంపెనీకి పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు కేటాయించింది కదా. కురుకుట్టిలో 1,200 మెగావాట్లు, కర్రివలసలో 1,000, అనంతగిరి దగ్గర పెదకోటలో ఇంకో 1,000. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు సోలారు కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. ఎండని రాత్రికి దాచుకునే ఉపాయం, తెలివైనదే, దేశానికి అవసరమే. కానీ ఆ కొండ సాలూరు, పాచిపెంట కొండ. సోమవారం మన ఇంటికి అల్లం, చింతపండు తెచ్చే మనుషుల కొండ. వాళ్లు వద్దంటున్నారని పేపర్లో మనమే చదివి పక్కన పెట్టాం.

హరిహర్‌పూర్ టెంటులో కూర్చున్నప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. అక్కడ అంతా కాగితం దగ్గరే చెడింది. సభ ఎప్పుడు జరిగింది, ఎంతమంది ఉన్నారు, చదివి వినిపించింది ఏ భాషలో, సంతకం పెట్టాక కింద ఖాళీ వదిలారా లేదా. నియమగిరిలో జడ్జి ఎదురుగా ఉన్నారు కాబట్టి అది పకడ్బందీగా జరిగింది. మన కొండకి ఎవరుంటారు?

అందుకని మీతో ఒక పని. అన్నయ్యా, మీకు పాచిపెంట ఎంపీడీవో కార్యాలయంలో తెలిసినవాళ్లున్నారు. ఆ ఊళ్లలో ఈ ప్రాజెక్టు పేరు మీద గ్రామసభలు జరిగాయా, జరిగితే తీర్మానం నకలు ఇస్తారా కనుక్కోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు నేను ఇక్కడి నుంచే రాసి పంపుతాను, ఐదు రూపాయల ఫీజు మీరు కట్టండి. వదినా, అల్లం తెచ్చే ఆమెని ఈ సోమవారం కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగు, వాళ్ల ఊళ్లో ఎవరైనా వచ్చి వాళ్ల కువి భాషలో చెప్పారా, తెలుగులో చదివేసి వెళ్లారా అని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి ఉంచు.

వచ్చే ఆదివారం బయలుదేరతాను. ఇప్పపువ్వు ఎండబెట్టింది రెండు కిలోలు, పట్టాల మిల్లు ఫోటోలు తెస్తున్నాను. మామయ్య, అత్తయ్య మిమ్మల్ని దసరాకి రమ్మన్నారు.

మీ
చిన్న చెల్లి